వీడియోగేమ్ డిస్కులపై గీతలు: నివారణ, మరమ్మతు

వీడియోగేమ్ డిస్కు అనగా ఆటకు వలసిన ఆదేశములు, చిత్రములు, ధ్వనులు అతిసూక్ష్మమైన గుంటల వరుసగా అచ్చొత్తబడి, లేజరు కిరణముచే చదువబడు పారదర్శకమైన ప్లాస్టిక్ బిళ్ళ. సీడీ, డీవీడీ, బ్లూరే అను మూడు తెగలును జనవ్యవహారమున సీడీ యను ఒక్క పేరుతోనే చెలామణి యగుచున్నవి. ఈ వ్యాసము తెలంగాణలోని మూడు పట్టణముల సీమను దృష్టిలో నుంచుకొని వ్రాయబడినది. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ సీమకు ముఖ్యపట్టణమైన గద్వాల, కృష్ణకు ఆవలియొడ్డున పూర్వసంస్థానమైన వనపర్తి, నల్లమల కొండలకు పడమట నున్న నాగర్‌కర్నూలు, ఈ మూడును 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లానుండి విడివడి వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. పాతిక యేండ్లుగా ఈ పట్టణముల యిండ్లలోను, గేమ్ సెంటర్లలోను వాడుకలోనున్న డిస్కులకు కలిగిన హానులలో గీతలకే అగ్రస్థానము. గీత యనగానే చాకుమొననో గోటినో తలచుకొనుట పరిపాటి కాని, నిజమునకు ఈ సీమలో డిస్కులను చెరచునది ముందు దుమ్ము, ఆ పిమ్మట ఆ దుమ్మును తుడుచు చేయి. ఈ సంగతి గ్రహించినవానికి నివారణ సులభము. గ్రహింపనివాడు శుభ్రపరచుచున్నానను నమ్మకముతోనే ప్రతిదినము డిస్కును గీయుచుండును.

శ్రవ్య సీడీ ఫిలిప్స్, సోనీ సంస్థల ఉమ్మడి కృషిఫలముగా 1982 అక్టోబరులో జపాను దేశమున విపణికి వచ్చినది. 120 మిల్లీమీటర్ల వ్యాసము, 1.2 మిల్లీమీటర్ల మందము, నడుమ 15 మిల్లీమీటర్ల రంధ్రము గల ఆ బిళ్ళ కొలతలే తరువాత వచ్చిన తెగలకెల్ల ప్రమాణములైనవి. 1993లో వీడియో సీడీ ఏర్పడినది; 1994 డిసెంబరు 3న సోనీ సంస్థ తన మొదటి ప్లేస్టేషన్‌ను సీడీపై ఆటలతో జపానులో విడుదల చేసినది; 2000 మార్చి 4న వచ్చిన ప్లేస్టేషన్ 2 ఆటలను ప్రధానముగా డీవీడీలకు మార్చగా, 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 వాటిని బ్లూరే డిస్కుల కెక్కించినది.

పాలమూరు అను పేరుగల ఈ మహబూబ్‌నగర్ సీమకు డిస్కు మొదట వచ్చినది ఆటకై కాదు, సినిమాకై. తెలుగు చలనచిత్రములు రెండు మూడు వీడియో సీడీలుగా విడిపోయి, మెరయు అట్టలలో అంగళ్ల ముందు వ్రేలాడిన కాలమది. మోసర్ బేయర్ సంస్థ 2007 ప్రాంతమున వీడియో సీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మజూపుటతో డిస్కు సామాన్యుని చేతిలోని వస్తువైనది. ఆ చౌకదనమువలననే దానిని అజాగ్రత్తగా పట్టుకొను అలవాటు కూడ ప్రబలినది. సినిమా డిస్కు చెడినచో మరియొకటి కొనవచ్చును. ఆట డిస్కు అట్లు కాదు. అసలు ముద్రణ ఖరీదైనది, దానికై ఉత్తరమున హైదరాబాదుకో, దక్షిణమున తుంగభద్ర దాటి కర్నూలుకో పోవలసియుండెను. గంటకింత అని సొమ్ము తీసికొని పిల్లల నాడనిచ్చు గేమ్ సెంటర్లలో ఒకే డిస్కు దినమునకు ఎన్నోమారులు ట్రేలోనికి పోయి వచ్చుచు, అన్ని రకముల చేతులలోను పడుచు, ఇంటి డిస్కు ఏండ్లకొలది అనుభవింపవలసిన అరుగుదలను కొద్దికాలముననే అనుభవించుచుండెను.

ఈ డిస్కులలో కొన్ని మన రాజధానియందే జన్మించిన ఆటలకు సంబంధించినవని చెప్పుట అవసరము. హైదరాబాదునందలి అరోనా టెక్నాలజీస్ నిర్మించిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ అను ఆటను సోనీ సంస్థ 2009లో ప్లేస్టేషన్ 2 కొరకు ప్రకటించినది. ఆ సంవత్సరముననే హైదరాబాదుకే చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ భారతీయ గ్రామీణ క్రీడలను కూర్చి ‘దేశీ అడ్డా’ అను ఆటను వెలువరించినది. దేశీయ నిర్మాణమునకు తొలిమెట్లైన ఇట్టి కృతులు ఇండ్ల అలమారులలో, ప్లాస్టిక్ సంచులలో గీతలుపడి మూలుగుచుండుట మన సాంస్కృతిక చరిత్రకు కలుగుచున్న నష్టమేయని ఈ వ్యాసకర్త దృఢముగ భావించుచున్నాడు.

నిర్మాణము, కిరణగమనము

ఏ గీత హానికరమో తెలియుటకు డిస్కులో సమాచారము ఎచ్చట నున్నదో ముందు తెలియవలెను. సీడీలో అది మనకు అద్దమువలె కనబడు అడుగుభాగమున లేదు. పాలీకార్బొనేటు అను గట్టి పారదర్శక ప్లాస్టిక్ పలకయొక్క పైతలమున గుంటలు అచ్చొత్తి, వాటిపై మైక్రోమీటరులో పదవవంతునకు మించని పలుచని అల్యూమినియం పూత పూసి, దానిపై వార్నీషును, ఆ పైన పేరు బొమ్మలు గల లేబులును పరచెదరు. అనగా సమాచారమునకు అడుగువైపున ఇంచుమించు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కవచము కలదు. లేబులు వైపున నున్నది వార్నీషు పొర మాత్రమే. మెరయు వైపును కంటికి రెప్పగా కాపాడుచు, లేబులు వైపును బల్లపై బోర్లించి ఈడ్చువారు దుర్బలమైన ముఖమునే శత్రువున కప్పగించుచున్నారు. లేబులు మీద బాల్‌పెన్నుతో గట్టిగా పేరు వ్రాసినను ఆ ఒత్తిడి అల్యూమినియం పొరవరకు పోవచ్చును. అచ్చట పొర లేచిపోయినచో ఆ భాగమునందలి సమాచారము తిరిగిరాదు.

డీవీడీ నిర్మాణము వేరు. 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటిని జిగురుతో అతికించి, సమాచారమును వాటి నడుమ దాచుటచే లేబులు వైపు గీతలవలన భయము తగ్గినది. కాని అడుగువైపు కవచము సగమునకు పలుచబడినది. బ్లూరేలో సమాచారము అడుగుతలమునకు 0.1 మిల్లీమీటరు లోతున మాత్రమే యుండును. అందుచే దానిపై గట్టి రక్షక లేపనమును పూయుట తప్పనిసరియైనది.

లేజరు కిరణము సీడీ అడుగుతలమును తాకునప్పుడు దాని వెడల్పు సుమారు ముప్పాతిక మిల్లీమీటరు. ప్లాస్టిక్‌లో ప్రయాణించుచు అది క్రమముగా కుంచించుకొనిపోయి గుంటల వరుసను చేరునప్పటికి రెండు మైక్రోమీటర్లకు లోపడిన బిందువగును. ఇందువలన తలముపై నున్న సన్నని గీత కిరణములో కొంతభాగమునే అడ్డగింపగలదు. కిటికీచువ్వల కానుకొని వీధిని చూచువానికి చువ్వ మసకయై వీధి మాత్రము స్పష్టముగ నగపడునట్లు, డిస్కుయంత్రమునకు చిన్నగీత కనబడకయే పోవును. డీవీడీలో ఆ వెడల్పు అర మిల్లీమీటరు, బ్లూరేలో 0.14 మిల్లీమీటరు. సీడీ ట్రాకుల నడుమ దూరము 1.6 మైక్రోమీటర్లు కాగా, డీవీడీలో 0.74, బ్లూరేలో 0.32 మైక్రోమీటర్లు. తెగ క్రొత్తదైనకొలది సమాచారము దట్టమైనది. తలముపైని లోపమును సహించు శక్తి ప్లాస్టిక్‌కు తగ్గి, ఆ భారమును గణితమును, లేపనమును వహించినవి.

దోషసవరణ

ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అను ఇరువురు అమెరికను గణితజ్ఞులు 1960లో ప్రకటించిన దోషసవరణ సంకేతవిధానము లేనిచో సీడీ యను వస్తువే ఇండ్లలో మనియుండెడిది కాదు. యురేనస్ గ్రహమును సమీపించిన వాయేజర్ 2 నౌక 1986లో తన చిత్రములను భూమికి క్షేమముగ పంపుటకు తోడ్పడినదియు ఈ విధానమే. సీడీలో ఇరువదినాలుగు బైట్ల సమాచారమునకు ఎనిమిది సంరక్షక బైట్లు చేర్చబడును. అంతేకాక, ఒక చోట నుండవలసిన బైట్లను ట్రాకు పొడవున దూరదూరముగ చెదరగొట్టి వ్రాసెదరు. ఒక గీతచే కొంతభాగము చెడినను, చదివిన పిమ్మట బైట్లను తిరిగి యథాక్రమమున కూర్చునప్పుడు ఆ నష్టము అనేక భాగములకు చిన్నచిన్న కొరతలుగ పంచబడి, ప్రతి కొరతయు లెక్కచే పూరింపబడును. ఇట్లు సీడీ ఒకే ట్రాకు వెంట సుమారు 2.5 మిల్లీమీటర్ల అవిచ్ఛిన్న నష్టమును పూర్తిగా సవరింపగలదు. డీవీడీలో ఈ హద్దు సుమారు 6 మిల్లీమీటర్లు.

ఇచ్చటనే గీత దిశయొక్క ప్రాధాన్యము బయల్పడును. ఇసుకరేణు వొకటి 40 మైక్రోమీటర్ల వెడల్పున లోతైన గీతను, కేంద్రమునుండి అంచువైపు తిన్నగ గీచినదనుకొందము. అది వేలకొలది ట్రాకులను ఖండించును. అయినను ప్రతి ట్రాకుమీదను అది ఆక్రమించునది 40 మైక్రోమీటర్లే. హద్దు 2.5 మిల్లీమీటర్లు, అనగా 2,500 మైక్రోమీటర్లు కావున, యంత్రము ఆ గీతను సాధారణముగ ఎరుగనైన నెరుగదు. అదే రేణువు అదే వెడల్పున ట్రాకువెంట గుండ్రముగ మూడు సెంటీమీటర్ల గీతను గీచినదనుకొందము. అది కప్పునవి ఇరువదియైదు ట్రాకులు మాత్రమే. కాని ఆ ప్రతి ట్రాకునందును నష్టము హద్దునకు పండ్రెండు రెట్లు. ఇక్కడ గణితము చేతులెత్తివేయును. లేజరు ట్రాకును తప్పి ప్రక్కకు జారుటయు ఇట్టి గీతల వద్దనే. పాట డిస్కులో ఇది చిన్న కిరకిరగ పోవచ్చును. ముందువెనుకల ధ్వనిని బట్టి నడుమ లోపమును ఊహించి పూరించు ఏర్పాటు పాటల సీడీలలో కలదు. ఆట యాదేశములకు ఊహ పనికిరాదు. ఒక్క బైటు తప్పినను ఆట నిలిచిపోవచ్చును. అందుచేత కంప్యూటరు సీడీలలోను, ప్లేస్టేషన్ సీడీలలోని ఆదేశభాగములలోను మరియొక వరుస దోషసవరణ చేర్చబడినది. నడుమనడుమ వచ్చు చలనచిత్ర భాగములకు మాత్రము ఆ అదనపు రక్షణ లేదు. గీతలుపడిన ఆటలో ముందుగ కథాదృశ్యములు తడబడి, ఆడు భాగము కొంతకాలము చక్కగ నడచుటకు ఇది యొక కారణము.

ఈ సీమ దుమ్ము

పాలీకార్బొనేటు సుత్తిదెబ్బకు ఓర్చుకొనును గాని రాపిడికి ఓర్వదు. గాజుతో పోల్చిన దాని తలము చాల మెత్తన. ఈ మూడు జిల్లాల నేలను చూచినచో దానికి విరోధియైన పదార్థమే అంతటను పరచుకొనియున్నది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములు నిలిచినది గ్రానైటు, నైసు శిలల పీఠభూమిపై; ఆ శిల శిథిలమై ఏర్పడిన ఎర్రచెలక నేలలో స్ఫటికపు రేణువులు సమృద్ధము. తూర్పున అచ్చంపేట, అమ్రాబాదు దాటి నల్లమల లోనికి పోయినకొలది భూగర్భశాస్త్రజ్ఞులు శ్రీశైలం క్వార్ట్‌జైటు అని పేరిడిన శిలాశ్రేణి యెదురగును. అది దాదాపు స్ఫటికమయమే. మోస్ కాఠిన్యమానమున స్ఫటికమునకు ఏడవ స్థానము. మామూలు ఇనుపమేకు కూడ దానికి లోకువ. ఆలంపురం ప్రాంతపు నల్లరేగడి మాత్రము మెత్తని మట్టి. అది డిస్కును గీయుటకంటె అంటుకొని మసకబరచుటయే యెక్కువ, నీటితో కడిగిన పోవును.

వర్షము తక్కువయై, వేసవి నలువది డిగ్రీలు దాటు ఈ సీమలో ఏప్రిల్, మే నెలల గాలి ఈ స్ఫటికధూళిని కిటికీలు దాటించి అలమారుల అరలవరకు చేర్చును. డిస్కుపై పడిన ధూళి తనంతట తాను హాని చేయదు. ఊదిన లేచిపోవు రేణువు, వ్రేలిక్రిందనో బట్టక్రిందనో చిక్కినంతనే ఉలియగును. ఆట నిలిచినప్పుడు డిస్కును బయటికి తీసి, చొక్కా కొనతో గిరగిర గుండ్రముగ తుడిచి మరల పెట్టుట మన బాలురందరి అలవాటు. దుమ్ము తుడువక అట్లే యుంచుట ఒక లోపము, పొడిబట్టతో తుడుచుట రెండవది, గుండ్రముగ తుడుచుట మూడవది. వీటిలో అత్యంత ఘోరమైనది మూడవదే యని పై లెక్కవలన తేలుచున్నది.

ఏ బట్ట తగునను ప్రశ్నకు గద్వాలయందే సమాధానము కలదు. ఇచ్చటి నేత చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు, వాటిలో జరీ. జరీ లోహపుతీగ, కొంగుతో డిస్కును తుడుచుట లోహముతో గీయుటయే. క్రొత్త నూలుబట్టకు పడుగునకు పట్టించిన గంజి మిగిలియుండి పోగు బిరుసుగ నుండును. పలుమారులుతికి గంజియంతయు వదలి, నలిపినచో చప్పుడుకాని పాత నూలుబట్ట శ్రేష్ఠము. కండ్లద్దముల దుకాణములలో నిచ్చు మైక్రోఫైబరు గుడ్డ అంతకంటె మేలు. తువ్వాలు, లుంగీ, కాగితము, టిష్యూ పనికిరావు. కాగితపు నారయు ఈ మెత్తని ప్లాస్టిక్‌ను సన్నగ గీయును.

నివారణ

అమెరికా ప్రభుత్వ ప్రమాణసంస్థయైన నిస్ట్ పక్షమున ఫ్రెడ్ బయర్స్ 2003లో గ్రంథాలయముల కొరకు రచించిన డిస్కుల సంరక్షణ కరదీపిక నేటికిని ఆదరణీయము. అంచులను గాని నడిమి రంధ్రమును గాని పట్టుకొనుట, కేంద్రమునుండి అంచునకు తిన్నగ తుడుచుట, వాడనప్పుడు పెట్టెలో నిలువుగ నుంచుట, వంచకుండుట దాని సారాంశము. పెట్టెనుండి తీయునప్పుడు నడుమనున్న పండ్లను బొటనవ్రేలితో నొక్కిన డిస్కు తనంతట లేచివచ్చును. అంచు పట్టుకొని లాగినచో రంధ్రముచుట్టు పగుళ్లు పుట్టును. ప్లాస్టిక్ జేబుల ఆల్బములు చూచుటకు ముచ్చటగ నున్నను ఈ సీమకు తగినవి కావు. జేబులో ఒకసారి దుమ్ము చేరినచో డిస్కును దోపినప్పుడెల్ల, తీసినప్పుడెల్ల రాపిడి తప్పదు. గట్టిపెట్టెలో డిస్కు నడిమి పండ్లపై నిలిచియుండి, సమాచారభాగము దేనికిని తగులదు.

యంత్రము చేయు గీతలు వేరొక జాతి. నడుచుచున్న యంత్రమును కదిపినను, నిలువుగ నున్నదానిని అడ్డముగ త్రిప్పినను, లోపల వేగముగ తిరుగుచున్న డిస్కు ఒరగి లోపలి భాగములను తాకి వృత్తలేఖినితో గీచినట్లు సంపూర్ణ వలయమును పొందును. ఇట్టి వలయగీతలకు అత్యంత ప్రసిద్ధి పొందినది 2005లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సంస్థవారి ఎక్స్‌బాక్స్ 360. ఆ విషయమై అమెరికాలో వినియోగదారులు వేసిన దావా సుప్రీంకోర్టు వరకు పోయి, 2017 జూన్ 12న మైక్రోసాఫ్ట్, బేకర్ వ్యాజ్యముగ తీర్పు పొందినది; గీతల బాధ్యత యెవరిదో ఆ తీర్పు తేల్చలేదు, సామూహిక వ్యాజ్యములలో అప్పీలు ఎప్పుడు చేయవచ్చుననుటను మాత్రమే నిర్ణయించినది. యంత్రమును కదలని గట్టిబల్లపై నుంచి, పిల్లలు లాగు కంట్రోలరు తీగకు వదులుండునట్లు చూచినచో ఈ గీత అసలే పుట్టదు. పైమూత తెరచు యంత్రములలో డిస్కు పూర్తిగ ఆగకమునుపే వ్రేలు పెట్టరాదు. పలుడిస్కులపై ఒకే వ్యాసార్ధమున వలయములు కనబడినచో తప్పు డిస్కులది కాదు. లోపల లెన్సునకు పోవు రిబ్బను కేబులు పైకి లేచి తగులుచున్నదేమో మెకానిక్కు చేత చూపింపవలెను.

పరీక్ష

ఆట నిలిచినంతమాత్రమున గీతను నిందించుట తగదు. ఈ సీమలో పలుమారులు తప్పు లెన్సుపై చేరిన ధూళిది. ముందుగ గీతలులేని మరియొక డిస్కును వేసి చూడవలెను. అదియు చదువనిచో లెన్సును శుభ్రపరచవలెను. అది చక్కగ నడిచి, మొదటిది మాత్రము నడువనిచో అప్పుడు డిస్కును పరీక్షింపవలెను. సంస్థానాధీశుల రాజభవనమున 1959 నుండి పాలిటెక్నిక్ కళాశాల నడచుచున్న వనపర్తివంటి పట్టణమున రేడియో, టీవీ పనులు నేర్చిన చేతులకు కొదువలేదు. లెన్సు పని అట్టివారి కప్పగించుటయే మేలు, ఏలయన లేజరు బలమును పెంచు చిన్న స్క్రూను తెలియక త్రిప్పినచో లెన్సు ఆయువు తరిగిపోవును.

డిస్కును వెలుగుచున్న ట్యూబులైటునకు ఎదురుగ, లేబులు తనవైపు నుండునట్లు పట్టుకొని చూడవలెను. అల్యూమినియం పొర చెడని చోట కాంతి మందముగ, సమముగ నుండును. పొర లేచిన చోట సూదిమొనంత తెల్లని చుక్క తళుక్కుమనును. అట్టి చుక్కలు గుంపుగ నున్న సీడీకి ఏ మందును లేదు. తరువాత డిస్కును త్రిప్పి, అడుగుభాగమును ఏటవాలుగ వెలుతురులో వంచుచు గీతల దిశను గమనింపవలెను. గోటిమొనను గీతకు అడ్డముగ మెల్లగ కదపగా తగులనిది పైపై గీత. గోరు చిక్కినది లోతైనది. డిస్కులో సమాచారము కేంద్రమునుండి వెలుపలికి నిండును కావున, కొద్దిపాటి సమాచారము మాత్రమే గల డిస్కున అంచుగీతలు నిరపాయములు. కేంద్రసమీపపు గీతలు మాత్రము ప్రమాదకరములు: డిస్కులో ఏమేమి యున్నదో తెలుపు పట్టికయు, మొదటి ప్లేస్టేషన్ అసలు ముద్రణను గుర్తించు రహస్యచిహ్నమును ఉండునది అచ్చటనే, అవి చదువబడనిచో ఆట మొదలే కాదు.

మరమ్మతు

మొదటి చికిత్స స్నానము. కుళాయిధార క్రింద డిస్కును పట్టి రేణువులను కొట్టుకొనిపోనిచ్చి, గిన్నెలు తోము ద్రవమును ఒక చుక్క నీటిలో కలిపి వ్రేళ్ళకొనలతో కేంద్రమునుండి అంచునకు మెల్లగ రుద్ది, మరల కడిగి, నీటిని విదిలించి, పాత నూలుబట్టతో అద్ది నీడను ఆరబెట్టవలెను. బోరునీటిలో లవణము లెక్కువగ నుండు చోట్ల చివరి కడుగుడుకు ఇన్వర్టరు బ్యాటరీలో పోయు శుద్ధజలమును వాడినచో తెల్లని మరకలు మిగులవు. జిడ్డు వదలనిచో ఐసోప్రొపైల్ ఆల్కహాలు వాడవచ్చును. పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగు తీయు అసిటోను ఏ పరిస్థితిలోను తాకింపరాదు. పాలీకార్బొనేటు వాటి సోకున క్షణములలో తెల్లబడి బీటలువారును. ‘చెడిపోయినది’ అని పారవేయబడు డిస్కులలో పెక్కింటికి ఈ స్నానమే చాలును.

రెండవది పూరణము. గీత చేయు హాని దాని వాలుగోడల వద్ద కాంతి వక్రీభవించి దారితప్పుట. పాలీకార్బొనేటు వక్రీభవన గుణకము సుమారు 1.58, గాలిది 1. ఈ వ్యత్యాసమే దోషమునకు మూలము. గీతలోని గాలిని తొలగించి, సుమారు 1.48 గుణకముగల వ్యాసలీనునో, పారదర్శకమైన వ్యాక్సు పాలిషునో నింపినచో వక్రీభవనము చాలవరకు అణగి, కిరణము తన మార్గమున పోవును. పలుచగ పూసి, మిగులును పూర్తిగ తుడిచివేయవలెను. లేనిచో అది ధూళిని ఆకర్షించును, తిరుగుచున్న డిస్కునుండి చింది లెన్సుపై పడును. ఇది తాత్కాలిక చికిత్స. ఒకసారి డిస్కు చదువబడి సమాచారము వేరొక చోట భద్రమగు నంతవరకు నిలిచిన చాలును.

మూడవది అరగదీయుట. గీత చుట్టునున్న తలమును గీత అడుగువరకు సమముగ తొలగించి, మరల నునుపుచేయుట దీని స్వరూపము. తెల్లని టూత్‌పేస్టుతో రుద్దు ఇంటివైద్యము ఉత్త మూఢనమ్మకము కాదు. అందలి కాల్షియం కార్బొనేటు, సిలికా రేణువులు మృదువైన రాపిడిద్రవ్యములు. జెల్లు రకము పనిచేయదు. గరుకైన పళ్ళపొడి, బూడిద, ఇటుకపొడి కొత్తగీతలను సృష్టించును. తడిగుడ్డపై కొద్ది పేస్టు తీసికొని, కేంద్రమునుండి అంచునకు తిన్నని రుద్దుళ్ళతో, గీతయున్న భాగముననే కాక ఇరుప్రక్కలను కలుపుకొని పదినిమిషములు ఓపికగ రుద్ది కడిగినచో గోటికి తగులని గీతలు చాలవరకు మాయమగును. తలము కొంత మసకబారినట్లు కనబడినను కలతపడనక్కరలేదు; కేంద్రమునుండి వెలుపలికి పోవు సన్నని రేఖలను దోషసవరణ లెక్కచేయదు.

లోతుగీతలకు వాహనముల డెంటింగు, పెయింటింగు పనివారి సామగ్రి పనికివచ్చును. 1500, 2000 అంకెల వాటర్ పేపరుతో నీటిలో తడుపుచు తలమంతయు సమముగ రుద్ది, ఆ పిమ్మట రబ్బింగ్ కాంపౌండుతో, చివరకు వ్యాక్సు పాలిషుతో నునుపుచేయుట క్రమము. గీతయున్న చోటనే పల్లము పడునట్లు రుద్దుట పెద్ద తప్పు. ఆ పల్లము కటకమువలె కిరణమును వంచి, ఉన్న దోషమునకు క్రొత్తదోషమును చేర్చును. బండి పాలిషు చేయు బఫింగు మిషనును డిస్కుకు తాకింపరాదు. పొడిగ తిరుగు చక్రపు వేడికి ప్లాస్టిక్ మెత్తబడి అలుకుకొనిపోవును. ఈ పనికై నిర్మింపబడిన యంత్రములు నీటిని చిమ్ముచు డిస్కును త్రిప్పుచు తలమునంతటిని ఒకే లోతున అరగదీయును. వాడిన గేమ్ డిస్కులను తిరిగికొను విదేశీ అంగళ్లలో ఇవి సామాన్యములు. సీడీకి మందము ఎక్కువ గావున ఈ చికిత్స పలుమార్లు తట్టుకొనును. డీవీడీ అంతగ తట్టుకొనదు.

బ్లూరేకు మాత్రము ఈ మార్గము మూసికొనిపోయినది. దాని గట్టిలేపనము మామూలు రాపిడిని తిరస్కరించును. బలముగ అరగదీసినచో లేపనమే పోయి, దాని క్రింది 0.1 మిల్లీమీటరు పొర నిరాధారమగును. బ్లూరేకు స్నానమే మొదటి చికిత్స, ఇంచుమించు చివరి చికిత్సయును. నడిమి రంధ్రమునుండి పగులు బయలుదేరిన డిస్కు ఏ తెగదైనను యంత్రములో పెట్టరాదు. అధికవేగమున తిరుగునప్పుడు అది ముక్కలై లెన్సును ధ్వంసముచేయగలదు.

నకలు

గీతలనుండి ఆటను కాపాడు అత్యంత నిశ్చితమైన ఉపాయము గీతలు పడకమునుపే ప్రతిని తీసియుంచుట. 1957 నాటి మన కాపీరైటు చట్టము 52(1) సెక్షనులోని (ఏఏ) ఖండము, కంప్యూటరు ప్రోగ్రాము ప్రతిని న్యాయముగ కలిగియున్నవారు నాశనము, నష్టముల నుండి తాత్కాలిక రక్షణకై నకలు తీసికొనుటను అనుమతించుచున్నది. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షను, హక్కులను ఉల్లంఘించు ఉద్దేశముతో సాంకేతిక రక్షణలను ఛేదించువారికి రెండేండ్లవరకు ఖైదును, జరిమానాను విధించుచున్నది. తన డిస్కునకు తాను రక్షణకై ప్రతి తీసికొనుట వేరు, ప్రతులు తీసి సంతలో అమ్ముట వేరు. ప్రతిని ఖాళీ సీడీపై వ్రాసి వేసవి యెండలో నుంచుట వ్యర్థము. వ్రాతడిస్కులలోని రంగుపొర సూర్యకాంతికి క్రమముగ చెడును. ప్రతి హార్డుడిస్కులో నుండుట మేలు.

ప్లేస్టేషన్ 2 డీవీడీలను సాధారణ కంప్యూటరు డ్రైవు చదువగలదు. గీతలుపడిన డిస్కును కడిగి, అవసరమైనచో పూరణము చేసి, డ్రైవు వేగమును తగ్గించి సమగ్రమైన ఇమేజి ఫైలుగ తీసికొనవచ్చును. యంత్రమున నిలిచిపోయిన డిస్కు, మరియొక డ్రైవున నెమ్మదిగ మరల మరల చదివింపగా పూర్తిగ దిగివచ్చుట కద్దు. వచ్చిన ఫైలు నిర్దుష్టమో కాదో తేల్చుటకు రెడంప్ అను అంతర్జాతీయ సంరక్షణోద్యమము వేలకొలది ఆటడిస్కుల తనిఖీసంఖ్యలను సేకరించి ప్రకటించినది. మన ఫైలు సంఖ్య ఆ పట్టికలోని సంఖ్యతో అక్షరమక్షరము సరిపోయినచో గీతలు ఆ ప్రతిలో ఒక్క బైటునైన తినలేదని రూఢి. సరిపోనిచో డిస్కును మరల కడిగి, గీత దిశ చూచి, తిరిగి చదివింపవలెను. ‘హనుమాన్’, ‘దేశీ అడ్డా’ వంటి డిస్కులు ఇంటనున్నవారు ఇతర ఆటలకంటె ముందు వాటినే ఈ పరీక్షకు పెట్టదగును. అసలు డిస్కును ఆ తరువాతను గట్టిపెట్టెలో నిలువుగ నుంచవలెను. పెట్టె, అట్ట, కరపత్రము కూడ ఆ కృతిలో భాగములే.